అరటిపండు కుకీలకు ఏ ఫ్రాస్టింగ్ మేలు: క్రీమ్ చీజా, బ్రౌన్ బటరా?

కుకీలు బాగానే వస్తున్నాయండీ, పైన ఫ్రాస్టింగ్ (తీపి పూత) దేనితో వేయమంటారు అని ఈ నెలలో చాలామంది అడిగారు. అందరూ ఊగిసలాడుతున్నది పుల్లటి, మెత్తటి క్రీమ్ చీజ్, ఎర్రగా కాచిన వెన్న అంటే బ్రౌన్ బటర్ మధ్యే. మొన్న విజయవాడలో మా అక్క కూతురి పుట్టినరోజుకి ఒకే వాయి కుకీలను సగం చేసి రెండూ వేశాను, ఆ రుచి ఇంకా నాలుక మీద ఉండగానే రాసేస్తున్నాను.

క్రీమ్ చీజ్ బలమంతా దాని పులుపులో ఉంది. తొక్క నల్లబడ్డ అరటిపండులో పిండి పదార్థం చాలావరకు చక్కెరగా మారిపోయి ఉంటుంది, దాని మీద మళ్లీ ఐసింగ్ షుగర్ (మెత్తటి పంచదార పొడి) అంటే రెండో కుకీకే మొహం మొత్తుతుంది. కాస్త పులుపు తగిలితే ఆ బాధ ఉండదు. రుచిలో దీనికి వంక పెట్టలేను. ధర మాత్రం వెన్న కన్నా ఎక్కువ, చిన్న ఊళ్లలో వెతుక్కోవాలి. దాని బదులు రాత్రంతా గుడ్డలో వేలాడగట్టిన పెరుగు వాడొచ్చు కానీ పల్చగానే ఉంటుంది, అప్పటికప్పుడు తినేయాలి.

నేను మాత్రం తేమను బట్టే తేల్చుకుంటాను. అరటి గుజ్జులో ముప్పావు వంతు నీళ్లే, అందుకే ఈ కుకీలు కరకరలాడకుండా కేకులా మెత్తగా ఉంటాయి, మూత పెట్టిన డబ్బాలో మర్నాటికి పైన జిగురు పడతాయి. వాటి మీద ఇంకా తేమ ఉన్న క్రీమ్ చీజ్ వేస్తే ఫ్రిజ్ తప్పదు, బయట 2 గంటలు దాటనివ్వకూడదు. ఆ పుట్టినరోజు నాడు ఏప్రిల్ ఎండకి గంట తిరక్కుండానే క్రీమ్ చీజ్ పక్కలకు జారిపోయింది. బ్రౌన్ బటర్ వేసినవి కదల్లేదు.

నెయ్యి కాచడం వచ్చినవాళ్లకు బ్రౌన్ బటర్ సగం వచ్చినట్టే. వెన్నలోని నీరు పోయేదాకా చిటపటలాడుతుంది. ఆ చప్పుడు తగ్గి, సన్నటి నురగ లేచి, అడుగున గసి తేనె రంగుకు తిరిగి వేయించిన పప్పుల వాసన వచ్చిందంటే వెంటనే దించి వేరే గిన్నెలోకి వంచేయాలి, ఆ వేడికే ఇంకో అర నిమిషంలో మాడిపోతుంది. నల్ల నాన్‌స్టిక్‌లో రంగు తెలియదు, స్టీలు గిన్నె వాడండి. నెయ్యికైతే గసి వడగట్టేస్తాం, ఇక్కడ మాత్రం అదే ప్రాణం. చిన్నప్పుడు అమ్మ నెయ్యి కాచిన గిన్నెలో పంచదార చల్లి, అడుగు గీకి పెట్టేది చూడండి, అచ్చం అదే రుచి అరటిపండు మీద.

100 గ్రాముల వెన్నకు 250 గ్రాముల ఐసింగ్ షుగర్, 2-3 చెంచాల వేడి పాలు. వెచ్చగా ఉండగానే రాయాలి, చేతిలో గట్టిపడితే ఇంకో చెంచా పాలు పోయండి. చల్లారేకొద్దీ పైన పొర కడుతుంది, వేలికి అంటదు. తీపి ఎక్కువన్న మాట నిజమే. అందుకే ఉప్పు ఉన్న వెన్న తీసుకుని పల్చగా రాస్తాను.

వెన్న, పంచదార పొడి గిలక్కొట్టి చేసే మామూలు బటర్‌క్రీమ్ మన ఎండలకు ఆగదు. పాలు, పంచదార పొడితో చేసే గ్లేజ్ ఈ తడికి కుకీలోకి ఇంకిపోతుంది. విప్పింగ్ క్రీమ్ అసలు వద్దు.

డిసెంబరు, జనవరి చలిలో, సాయంత్రానికే ప్లేటు ఖాళీ అయ్యే ఇంట్లో అయితే క్రీమ్ చీజ్ చేసుకోండి, చాలా బాగుంటుంది. హాస్టల్లో ఉన్న పిల్లలకు పంపాలన్నా, మర్నాటికి దాచాలన్నా బ్రౌన్ బటరే. కుకీలు పూర్తిగా చల్లారాకే రాసి, పొర గట్టిపడ్డాక మధ్యమధ్యలో బటర్ పేపర్ వేసి డబ్బాలో పేర్చండి.