జపాన్ గ్రీన్ టీ నచ్చాలంటే ఎక్కడ తాగాలి: టోక్యో, క్యోటో, ఉజి, వజుకా, షిజుఓకా

జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళను అక్కడి గ్రీన్ టీ గురించి అడిగితే చాలామంది మొహం అదోలా పెడతారు. చేదు, వగరు, పచ్చి వాసన అంటారు. నా ఉద్దేశంలో తప్పు టీది కాదు, వాళ్ళు మొదటి కప్పు తాగిన చోటుది. హోటల్ గదిలో కేటిల్ పెట్టి, సలసల మరిగే నీళ్ళలో టీ బ్యాగ్ ముంచి అయిదు నిమిషాలు వదిలేస్తే ఎంత మంచి ఆకైనా కషాయమే అవుతుంది. లేదంటే నేరుగా గిన్నెడు మాచాతో, అంటే ఆకును మెత్తగా పొడి చేసి నీళ్ళలో చిలికే టీతో, మొదలుపెడతారు. అది కొత్త నాలుకకు బరువు. అందుకే ఈ ప్రయాణంలో ఊళ్ళు, బసలు, టీ గదులు ఎలా ఉన్నాయో రాస్తూ అన్నిటినీ ఒకే కొలతతో చూశాను: అక్కడ టీ రుచి మనిషికి అందుతోందా, లేదా?

వెళ్ళింది నేను, మా ఆయన, అమ్మ. అమ్మది గుంటూరు. పొద్దున్నే అల్లం దంచి వేసిన చిక్కటి పాల టీ పడందే ఆమెకు రోజు మొదలవదు. అక్కావాళ్ళు టోక్యోలో నిషి కసాయ్‌లో ఉంటారు. మన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట అది, కందిపప్పు, కరివేపాకు కూడా దొరుకుతాయి. ముందు అక్కడే దిగాం.

అమ్మకు జపాన్ టీ నచ్చడం ఆ ఇంట్లోనే మొదలైంది, అదీ పచ్చటి టీతో కాదు. రాత్రి భోజనాలయ్యాక అక్క హోజిచా కాచింది. ఇది వేయించిన ఆకు. గోధుమ రంగులో దిగుతుంది, వగరు దాదాపు ఉండదు, మరిగే నీళ్ళు పోసినా పాడవదు. కెఫీన్ తక్కువ కాబట్టి జపాన్ వాళ్ళు పిల్లలకూ పెద్దవాళ్ళకూ రాత్రిళ్ళు ఇదే ఇస్తారట. అమ్మ కప్పు ఖాళీ చేసి, "ఇందులో పాలెందుకే, ఇలాగే బాగుంది" అంది. మర్నాడు గెన్‌మయిచా. ఆకుతో పాటు వేయించిన బియ్యం కలిపిన టీ, మధ్యలో పేలిన గింజలు తెల్లగా తేలుతుంటాయి. "వేయించిన బియ్యం వాసనొస్తోందే" అని కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చుంది. పెద్దవాళ్ళను తీసుకెళ్ళేవాళ్ళకు నా సలహా ఇదే. ముందు హోజిచా, తర్వాత గెన్‌మయిచా, ఆ తర్వాతే సెంచా, అంటే అక్కడి మామూలు పచ్చటి ఆకు టీ. మాచా చివర్లో.

మా ఆయన దారి వేరు. ఆయనకు వెండింగ్ మెషీన్ నచ్చింది. ఇతోఎన్ కంపెనీ 1985లో గ్రీన్ టీని మొదటిసారి డబ్బాలో పోసి అమ్మింది, 1990 నుంచి సీసాలో వస్తోంది. ఇప్పుడు ఆ కంపెనీ ‘ఓయ్ ఓచా’ సీసా లేని స్టేషన్ ఉండదు. చక్కెర చుక్క కూడా ఉండదు. మెషీన్‌లో నీలం పట్టీ ఉంటే చల్లనిది, ఎరుపు పట్టీ ఉంటే వేడిది. ఎండలో నడిచొచ్చి చల్లటి సీసా సగం తాగిన మనిషికి వగరు హాయిగానే అనిపిస్తుంది. సీసా టీని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. తీపి లేని టీకి నాలుకను అలవాటు చేయడంలో దాన్ని మించింది లేదు.

టోక్యో నుంచి షింకాన్‌సెన్ బులెట్ రైల్లో క్యోటో. స్టేషన్ దగ్గర మామూలు బిజినెస్ హోటల్‌లో దిగాం. గది చిన్నది, మూడు సూట్‌కేసులు తెరిస్తే నడవడానికి చోటు లేదు. శుభ్రంలో, సమయపాలనలో మాత్రం వంక పెట్టలేం. గదిలో పెట్టిన టీ బ్యాగులు నాసిరకం, వాటిని ముట్టుకోకండి. దగ్గర్లోని టీ ఊళ్ళు ఉజికి, వజుకాకు పొద్దున్నే రైలెక్కాలి కాబట్టి ఖరీదైన గియోన్ పేట కన్నా స్టేషన్ పక్కనే నయం.

గియోన్ వైపు కిమోనో కట్టించి టీ ఆచారం చూపించే చోట్లు బోలెడు. ఒకదానికి వెళ్ళాం. ఇంగ్లీషులో ఓపిగ్గా చెప్పారు, వెదురు కుంచెతో మాచాను నురుగు వచ్చేలా చిలకడం చేతికి నేర్పారు. ఒక్క విషయం మాత్రం బాగా పట్టుకోవాలి. పక్కన పెట్టే తీపి టీతో నంజుకోవడానికి కాదు. అది మొత్తం తినేశాకే గిన్నె ఎత్తాలి. నోట్లో తీపి మిగిలి ఉండగా తాగితే మాచా చేదు కమ్మగా మారుతుంది. చూడటానికి ముచ్చటైన గంట అది. కాకపోతే ఆ డబ్బు ఆచారం చూడటానికి, టీ తెలుసుకోవడానికి కాదు.

టీ తెలుసుకోవడానికి తెరామాచి వీధిలోని ఇప్పోదో. 1717లో మొదలైన దుకాణం. ముందు భాగంలో అమ్మకం, పక్కన కబోకు అనే టీ గది. ఇక్కడి పద్ధతి నాకు ఎంతగానో నచ్చింది: టీ వాళ్ళు కాచి తేరు, మన చేతే కాయిస్తారు. నీడలో పెంచిన ఆకుతో చేసే గ్యోకురో టీ అడిగాం. పిడికిట్లో పట్టేంత మట్టి టీపాట్, చిన్న చిన్న కప్పులు, వేడినీళ్ళ పాత్ర తెచ్చి పెట్టారు. 10 గ్రాముల ఆకుకు నీళ్ళు 80 మిల్లీలీటర్లే. మరిగిన నీళ్ళను ముందు ఒక కప్పులోకి, అందులోంచి ఇంకో కప్పులోకి వంచమంది టీ తెచ్చిన అమ్మాయి. ఒక్కో గిన్నె మారినప్పుడల్లా దాదాపు 10 డిగ్రీలు తగ్గుతుంది. 60 డిగ్రీలకు వచ్చాక ఆకు మీద పోసి తొంభై సెకన్లు ఆగాలి. కదపకూడదు, ఊపకూడదు. తర్వాత కప్పుల్లోకి కొంచెం కొంచెంగా పంచుతూ చివరి చుక్క దాకా వంచాలి. ఆకులో నీరు మిగిలితే రెండోసారి చేదెక్కుతుంది.

కప్పు అడుగున కనిపించిన ఆ కాసింత చూసి అమ్మ "ఇంతేనా?" అంది. తాగాక ఏమీ అనలేదు, కప్పు ముందుకు జరిపింది. నా నాలుకకు అది పప్పుకట్టు తేట తాగినట్టు మందంగా, ఉప్పు లేకపోయినా ఉప్పదనం ఏదో ఉన్నట్టు తగిలింది. గ్రీన్ టీలో ఇలాంటి రుచి ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. రెండోసారి నీళ్ళు పోశాక ఆగక్కర్లేదు, వెంటనే వంచేయొచ్చు. మూడోసారికి నీళ్ళు ఇంకాస్త వేడిగా పోస్తే అప్పుడు సన్నగా వగరు వస్తుంది. అప్పటికి ఆ వగరు కావాలనిపిస్తుంది.

ఇందులో ఉన్న సంగతి వాళ్ళు వివరంగా చెప్పారు. టీ ఆకులో కమ్మదనం ఇచ్చేది థియనైన్, వగరు ఇచ్చేవి కాటెకిన్లు. ఎండ తగిలితే థియనైన్ కాటెకిన్లుగా మారుతుంది. అందుకే గ్యోకురో తోటలకు కోతకు ముందు దాదాపు ఇరవై రోజుల పాటు నీడ కప్పుతారు. థియనైన్ గోరువెచ్చటి నీళ్ళలోనూ దిగుతుంది, కాటెకిన్లు దిగడానికి వేడి కావాలి. ఒకే ఆకు 60 డిగ్రీల దగ్గర ఒక టీ, 95 దగ్గర ఇంకో టీ అవడం ఇందుకే. గ్యోకురోలో కెఫీన్ బాగా ఎక్కువ, పొద్దుటి పూట తాగండి. ఈ మొత్తం ప్రయాణంలో డబ్బుకు తగ్గ ఫలితం ఇక్కడే దక్కిందంటాను.

ఉజికి క్యోటో స్టేషన్ నుంచి జేఆర్ నారా లైన్‌లో వేగం రైలైతే ఇరవై నిమిషాల లోపే, టికెట్ 300 యెన్‌ల లోపు. పది యెన్ నాణెం మీద ఉండే బ్యోదోఇన్ గుడి ఇక్కడిదే. కొలను ఒడ్డున ఆ ఫీనిక్స్ మందిరం 1053 నాటిది, తప్పక చూడాలి. గుడికి వెళ్ళే వీధంతా టీ కొట్లు, వేయిస్తున్న హోజిచా వాసన. తొమ్మిదింటికే వెళ్తే ఆ వీధి ఆనందం. పదకొండు దాటితే జనంలో అడుగు పడదు. ఒక పేరున్న కేఫ్‌లో చీటీ తీసుకుని గంటకు పైగా నిలబడ్డాం. తీరా వచ్చిన మాచా పార్ఫేలో క్రీము, ఐస్‌క్రీము మధ్య టీ జాడే లేదు. అమ్మకు కూర్చోవడానికి ఒక స్టూలు కూడా వెయ్యలేదు. క్యూ పొడుగ్గా ఉందంటే టీ బాగుంటుందని ఉజిలో అనుకోకండి. శాకాహారులకు ఇంకో మాట. పచ్చగా ఊరించే టీ సోబా నూడుల్స్ మీద పోసే పులుసులో దాదాపు అన్నిచోట్లా చేప ఉంటుంది, అడిగి తినండి.

ఉజిలో నేను మళ్ళీ వెళ్ళేది నది ఒడ్డున నగరపాలక సంస్థ నడిపే తైహోఆన్ టీ గదికి. వివిధ టీ సంప్రదాయాల గురువులు వంతులవారీగా వచ్చి అతిథులకు టీ ఇస్తారు. కిమోనో హడావుడి లేదు, ఫొటోల తొందర లేదు. మేం వెళ్ళినప్పుడు టీ ఇచ్చిన పెద్దావిడకు ఇంగ్లీషు రాదు. అమ్మకు మోకాళ్ళు వంగవని చూసి చెప్పకుండానే కుర్చీ తెప్పించింది. ఉజి వంతెన మూల మీదున్న త్సూఎన్ కూడా నాకు నచ్చింది. 1160లో మొదలైందని చెప్పే దుకాణం, ఇప్పటి కట్టడం 1672 నాటిది. వీధి చివర ఉండటం వల్ల రద్దీ కాస్త తక్కువ, నది కనిపించే బల్ల దొరుకుతుంది.

రాత్రి ఉజిలో ఉండాలా? సాయంత్రం అయిదింటికల్లా కొట్లన్నీ మూసేస్తారు, బసలు తక్కువ. అయినా ఒక రాత్రి నది పక్క ర్యోకాన్‌లో, అంటే జపాన్ పాతకాలపు పద్ధతి బసలో, ఉన్నాం, ఆ ఖర్చుకు చింత లేదు. సామాను దించగానే బల్ల మీద టీ, చిన్న తీపి పెడతారు. వేడినీళ్ళ స్నానానికి ముందు ఒంట్లోకి నీరు, చక్కెర చేరాలని ఈ అలవాటు. గదిలో ఆకు టీ డబ్బా, ఫ్లాస్కు వదిలి వెళ్తారు. కబోకులో నేర్చుకున్నది మర్నాడు పొద్దున అమ్మే మాకు కాచి ఇచ్చింది, నీళ్ళు కప్పు మార్చి కప్పు మార్చి చల్లారుస్తూ. భోజనం మాత్రం అమ్మకు ఇబ్బందే అయింది. శాకాహారం అని ముందుగా రాసినా చేప పులుసు తప్పలేదు. పచ్చడి సీసా మోసుకెళ్ళడం మంచిదైంది.

వజుకా గురించి మనవాళ్ళు ఎక్కువగా రాయరు. ఉజి టీ అని అమ్మేదాంట్లో చాలా భాగం ఇలాంటి కొండ పల్లెలదే. కామో స్టేషన్‌లో దిగి బస్సు పట్టుకోవాలి. బస్సులు తక్కువ, తిరుగు బస్సు సమయం ముందే చూసుకోండి. కొండవాలు కింది నుంచి పైదాకా దువ్వినట్టు టీ వరసలు, కొన్నిటి మీద నల్లటి నీడ గుడ్డ. స్తంభాల మీద ఫ్యాన్లు ఎందుకో మొదట అర్థం కాలేదు. చలిరాత్రుల్లో పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోసి లేత చిగురు మీద మంచు గడ్డకట్టకుండా కాపాడతాయవి. ఒక రైతు కుటుంబం చూపించే తోట యాత్రలో చేరాం. నీడ గుడ్డ ఎత్తి కింద ఆకు, పక్కన ఎండలో ఆకు రెండూ తుంచి ఇచ్చారు. నీడది ముదురాకుపచ్చ, మెత్తన. నమిలి చూస్తే తేడా అక్కడికక్కడే తెలిసిపోయింది. ఇప్పుడు జపాన్ అంతా తాగే సెంచాను ఆవిరి పట్టి, చేత్తో నలుపుతూ ఆరబెట్టే పద్ధతి 1738లో ఇక్కడికి దగ్గర్లోని ఉజితవారాలోనే నగతాని సోఎన్ అనే రైతు రూపొందించాడు.

తిరుగు ప్రయాణంలో షిజుఓకా. షింకాన్‌సెన్‌లో వేగంగా వెళ్ళే నోజోమి రైళ్ళు ఇక్కడ ఆగవు, అన్ని స్టేషన్లలో ఆగే కొదామా గానీ, ఇక్కడ ఆగే హికారి గానీ ఎక్కాలి. దశాబ్దాలుగా జపాన్‌లో ఎక్కువ టీ పండించిన జిల్లా ఇది, 2024లో మొదటిసారి కాగోషిమా దాన్ని దాటింది. కనాయా స్టేషన్ దగ్గర కొండ మీద 2018లో తెరిచిన టీ మ్యూజియం ఉంది. టాక్సీ తీసుకోండి, ఎక్కాల్సిన ఎత్తు ఎక్కువ. చుట్టూ మకినోహారా పీఠభూమి, కనుచూపు మేరా టీ. 1869లో షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) కొలువు పోయిన సమురాయ్‌లు కత్తులు పక్కన పెట్టి బీడు నేలను తవ్వి వేసిన తోటలవి. తర్వాత ఓయి నదిని మనుషుల్ని భుజాల మీద దాటించే కూలీలు పని పోయి వచ్చి చేరారు. ఈ కథ చదివాక ఆ టీ వరసల్ని నేను వేరేగా చూశాను. ఇక్కడి ఫుకాముషి సెంచా ఎక్కువసేపు ఆవిరి పట్టినది. ఆకు నలిగి, టీ కాస్త మబ్బుగా, వగరు తక్కువగా దిగుతుంది. మా ఆయన సీసా నుంచి ఆకు టీకి మారింది దీంతోనే. షిజుఓకా హోటళ్ళు క్యోటో కన్నా బాగా చవక, జనం తక్కువ. క్యోటోలో ఒక రాత్రి తగ్గించి ఇక్కడ కలపమంటాను.

కొనేటప్పుడు మాచా కోసం తిరగొద్దు. గిరాకీ విపరీతంగా పెరిగి 2024 శరత్కాలం నుంచి క్యోటో, ఉజి పెద్ద దుకాణాలు మనిషికి ఇంతేనని పరిమితి పెట్టాయి. సెంచా, హోజిచా ధారాళంగా దొరుకుతాయి. కొత్త ఆకు రుచి కావాలంటే మే నెలలో వెళ్ళండి. ఇంటికొచ్చాక నీళ్ళే అసలు సమస్య. మా బోరునీళ్ళలో సెంచా చప్పబడిపోయింది, ఆర్‌ఓ నీళ్ళతో కాస్తే అక్కడి రుచికి దగ్గరగా వచ్చింది. విప్పని ప్యాకెట్ ఫ్రిజ్‌లో ఉంచొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా ఆగి విప్పాలి, లేకపోతే ఆకుకు చెమ్మ పడుతుంది. విప్పాక నెలలోపు తాగేయాలి కాబట్టి 100 గ్రాములది ఒకటి కాకుండా 50 గ్రాములవి రెండు కొనుక్కోండి.