రూబీ బడి చూడాలంటే: న్యూ ఆర్లీన్స్‌లో ఒక పూట

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో అంతవరకూ తెల్లపిల్లలకే ఉన్న విలియం ఫ్రాంట్జ్ బడి మెట్లను, 1960 నవంబరు 14న ఆరేళ్ల నల్లజాతి పిల్ల రూబీ బ్రిడ్జెస్ ఫెడరల్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ పోలీసులు) కాపలాతో ఎక్కింది. ఆ బడి నార్త్ గాల్వెజ్ వీధిలో ఉంది. మ్యూజియం అనుకుని వెళ్తే నిరాశే. అది బడి, అనుమతి లేనిదే లోపలికి రానివ్వరు. 2014లో పెట్టిన రూబీ విగ్రహమూ ఆవరణలోనే ఉంది. బయటినుంచి చూడ్డానికి పావుగంట చాలు. మొదటిరోజు ఆ పిల్లకు పాఠమే జరగలేదు. తెల్లవాళ్లు వచ్చి తమ పిల్లల్ని తీసుకుపోతుంటే ప్రిన్సిపాల్ గదిలోనే కూర్చుంది. తర్వాత ఏడాదంతా బార్బరా హెన్రీ టీచర్ ఆమె ఒక్కదానికే చదువు చెప్పింది. విషం పెడతామన్న బెదిరింపుల వల్ల తిండి ఇంటినుంచే.

ఒక్కచోటికే వీలైతే మాత్రం సెయింట్ క్లాడ్ అవెన్యూలోని టెప్ సెంటర్‌కే వెళ్లండి. అదే రోజు లియోనా టేట్, గేల్ ఎటియెన్, టెస్సీ ప్రెవోస్ట్ అనే మరో ముగ్గురు నల్లజాతి పిల్లలు చేరిన మెక్‌డొనో 19 బడి ఇదే. ముగ్గురి ఇంటిపేర్ల తొలి అక్షరాలే టెప్. 2022లో తెరిచారు. కింద ప్రదర్శన, పైన పెద్దవయసువాళ్లకు తక్కువ అద్దె ఇళ్లు. తెల్లపిల్లలంతా వెళ్లిపోతే బడి మొత్తానికి ఈ ముగ్గురే మిగిలారు. కిటికీలకు కాగితాలంటించి, ఆటలు కూడా లోపలే ఆడించారు. రూబీ పేరు తెలిసినవాళ్లలోనూ చాలామందికి ఈ సంగతి తెలియదు. సందర్శన వేళలు ముందే కనుక్కోండి.

చిక్కంతా దారిలోనే. రెండు బళ్లకూ నడుమ ఇండస్ట్రియల్ కెనాల్ ఉంది. పడవలొస్తే సెయింట్ క్లాడ్ వంతెన పైకి లేస్తుంది, బస్సయినా కారయినా ఆగాల్సిందే. కారుంటే క్లైబోర్న్ వంతెన వైపు తిప్పుకోవచ్చు, కానీ అదీ లేచేదే. కాబట్టి టెప్ సెంటర్ సందర్శన వేళకు అరగంట ముందే బయల్దేరండి. ఊళ్లోని పాతపేట ఫ్రెంచ్ క్వార్టర్ వైపునుంచి వచ్చే ట్రామ్ ఎలీసియన్ ఫీల్డ్స్ దగ్గరే ఆగిపోతుంది, అక్కణ్నుంచి బస్సే.

బసకు ఫ్రెంచ్ క్వార్టర్ కన్నా మారిన్యీ, బైవాటర్ పేటలు మేలు. బళ్లకు దగ్గర, రాత్రి గోల తక్కువ. క్వార్టర్‌లో గది కాస్త చవగ్గా దొరికినా పార్కింగ్ దగ్గర ఆ మిగులు కరిగిపోతుంది. మార్డీ గ్రా ఉత్సవం రోజుల్లో ఎక్కడైనా ధరలు మండిపోతాయి.

శాకాహారులు జాగ్రత్త: రెడ్ బీన్స్ అన్నం చూడ్డానికి మన రాజ్మాలాగే ఉంటుంది గానీ, అందులో పందిమాంసం పడటమే మామూలు. అడిగి తీసుకోండి.

చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ గీసిన రూబీ బొమ్మ అసలు ప్రతి కోసం ఈ ఊళ్లో వెతక్కండి. అది మాసచూసెట్స్ రాష్ట్రం, స్టాక్‌బ్రిడ్జ్ ఊళ్లోని నార్మన్ రాక్‌వెల్ మ్యూజియానిది.