మడమ లేచే స్కీలతో వారం రోజులు: రెండు కేంద్రాలు, రెండు జతల బూట్లు

టెలిమార్క్ స్కీయింగ్ నేర్చుకోవడానికి బయలుదేరినప్పుడు, మంచు బాగా పడే చోటు, వాలుకు దగ్గరగా బస ఉంటే చాలనుకున్నాను. అద్దెకిచ్చే బూట్ల గురించి ముందుగా ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నేను చేసిన పెద్ద పొరపాటు.

ఈ పద్ధతిలో బూటు ముందు భాగం మాత్రమే స్కీకి బిగిసి ఉంటుంది, మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. మలుపు తిరిగేటప్పుడు ఒక కాలు ముందుకు జరిపి, రెండో మోకాలు వంచి, బరువును రెండు స్కీల మీదా నిలపాలి. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతానికి చెందిన మోర్గెడాల్‌లో 1825లో పుట్టిన సోండ్రె నోర్‌హైమ్ ఈ మలుపుకు ప్రసిద్ధి తెచ్చాడు. మెలిపెట్టిన చెట్టు రెమ్మలను మడమ చుట్టూ కట్టుకుని స్కీ చేసిన ఆయనతో పోలిస్తే నా ఇబ్బందులు చిన్నవే.

మొదట వెళ్లిన పెద్ద కేంద్రంలో లిఫ్టులు, గదులు, భోజనం అన్నీ బాగున్నాయి. అద్దె విభాగంలో మాత్రం మామూలు స్కీ బూట్లు గోడ నిండా ఉండగా, టెలిమార్క్ బూట్లు ఒకే జత మిగిలింది. అది ఎత్తైన, గట్టి ప్లాస్టిక్ జత, పైగా నా కొలత కంటే ఒక సైజు పెద్దది. టెలిమార్క్ బూటులో మునివేళ్ల వెనుక ముడతలు ముడతలుగా వంగే భాగం ఒకటి ఉంటుంది. పాదం సహజంగా వంగే చోటికి ఆ ముడత సరిగ్గా రావాలి. బూటు పెద్దదైతే అది ముందుకు జరిగి వేళ్లను నొక్కుతుంది, మరీ గట్టిదైతే కొత్తగా నేర్చుకునేవారి బరువుకు వంగదు. దాంతో వెనుక కాలి మీద బరువు వేయలేక, ఆ కాలిని బొటనవేలి కొన మీద ఈడ్చుకుంటూ రెండు రోజులు గడిపాను. తప్పు నా కాళ్లదేననుకోవడం మరింత బాధించింది.

రెండో కేంద్రం చిన్నది, ఉన్నవి కొద్ది వాలులే. ఈసారి ముందే అడిగి వెళ్లాను. శిక్షకురాలు మంచు మీదికి తీసుకెళ్లే ముందే బూట్లు తొడిగించి, నేల మీద మలుపు భంగిమలో కూర్చోబెట్టి, ముడత ఎక్కడ పడుతుందో వంగి చూశారు. మూడు జతలు మార్చాక కాస్త పొట్టిది, మెత్తనిది కుదిరింది. ముందు అంచు బాతు ముక్కులా ఉండే 75 మిల్లీమీటర్ల పాత రకం బూటు, 2007లో వచ్చిన ఎన్‌టీఎన్ (న్యూ టెలిమార్క్ నార్మ్) అనే కొత్త రకం బైండింగ్‌లో, అంటే బూటును స్కీకి బిగించే అమరికలో, పట్టదని, అందువల్ల బూటు తేల్చుకున్నాకే మిగతావి ఎంచుకోవాలని ఆమె చెప్పారు. నాకు మడమ లేచేటప్పుడు బిగువునిచ్చే బైండింగ్ స్ప్రింగుల్లో మధ్యస్థమైనది, ముక్కు ఎత్తు వరకు వచ్చే మెత్తని స్కీలు ఇచ్చారు. పాత రకం బైండింగుల్లో చాలావరకు పడినప్పుడు ఊడిరావు కాబట్టి, వేగం తగ్గించి సున్నితమైన వాలు మీదే ఉండమన్నారు. మోకాళ్లకు రక్షణ తొడుగులు కూడా ఇచ్చారు. మొదటి గంటలోనే వాటి విలువ తెలిసింది.

బసల విషయంలో నా లెక్క తలకిందులైంది. మొదటి చోట వేడి నీటి కొలను ఉంది గానీ బూట్లు ఆరబెట్టుకునే వీలు లేదు. పొద్దున్నే తడి లోతొడుగులో కాలు పెట్టాల్సి వచ్చేది. రెండో చోట గది ఇరుకు, వాలుకు పది నిమిషాలు నడవాలి, అయినా ఆరబెట్టే గది ఒకటి ఉంది. ఇప్పుడైతే రెండోదాన్నే ఎంచుకుంటాను.

చివరి రోజు కుతూహలం కొద్దీ గట్టి స్ప్రింగు బిగించమని అడిగాను. వెనుక స్కీని అదే మంచుకు అదిమి పెడుతుంది కాబట్టి వేగం ఉన్నప్పుడు మలుపు స్థిరంగా అనిపించింది. కానీ నేను నేర్చుకుంటున్న చిన్న వాలు మీద దాన్ని వంచడానికే తొడల బలమంతా ఖర్చయిపోయేది. మధ్యాహ్నానికల్లా పాత స్ప్రింగే పెట్టించుకున్నాను.