క్రెడిట్ హిస్టరీ లేదు, కొత్త కారు కావాలి: ఎవరి దగ్గర అప్పు మేలు?

ఇంతవరకు ఎవరికీ బాకీ పడలేదు, క్రెడిట్ కార్డు జోలికే పోలేదు, ఏది కొన్నా చేతిలో డబ్బు పెట్టే కొన్నాను. ఇలా గర్వంగా చెప్పుకునేవాళ్లకి మొదటి ఎదురుదెబ్బ కారు లోన్ దగ్గర తగులుతుంది. ఆ అలవాటును ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు గానీ అప్పిచ్చే సంస్థ మెచ్చుకోదు. మీకు జీతం ఎంత వస్తుందన్న దానితో వాళ్లకి సరిపోదు. తీసుకున్న అప్పు నెలనెలా తీర్చినట్టు ఎక్కడైనా రికార్డు ఉందా అని చూస్తారు. లేకపోతే వాళ్ల లెక్కలో మీరు మంచివాళ్లూ కారు, చెడ్డవాళ్లూ కారు. కొత్త మొహం, అంతే.

ఆ రికార్డును బట్టి ఇచ్చే అంకే క్రెడిట్ స్కోర్. స్కోర్ బాగా లేకపోవడం వేరు, అసలు స్కోరే లేకపోవడం వేరు. వాయిదాలు ఎగ్గొట్టినవాడికి వేసే వడ్డీ మీకూ వేయబోతే ఒప్పుకోనక్కర్లేదు. కానీ చాలామంది ‘మీకు స్కోర్ చూపించడం లేదు సార్’ అనగానే బిక్కచచ్చిపోయి, ఎంత చెబితే అంతకి సంతకం పెట్టేస్తారు. నేనూ ఆ బాపతే. నా కథ కాస్త ఆగి చెబుతాను.

ముందు ఈఎంఐ మాయ

ఎవరి దగ్గర అప్పు మేలో తేల్చాలంటే ముందు దేన్ని దేనితో పోల్చాలో తెలియాలి. షోరూంలో కూర్చోగానే అడిగే ప్రశ్న ‘నెలకి ఎంతైతే మీకు ఇబ్బంది ఉండదు?’ అని. ఎంతో మర్యాదగా ఉంటుంది. మీరు ఒక అంకె చెప్పారంటే ఇక వడ్డీ ఎంత, ఎన్నేళ్లు అనేవి వాళ్ల చేతిలోకి వెళ్లిపోతాయి.

అప్పు లక్ష అనుకుని లెక్క వేసి చూడండి. వడ్డీ ఏడాదికి 9 శాతం, గడువు 60 నెలలు అయితే నెల వాయిదా 2,076. మొత్తం మీద కట్టే వడ్డీ దాదాపు 24,550. అదే లక్ష 14 శాతానికి, 84 నెలలకి తీసుకుంటే వాయిదా 1,874. చూశారా, నెలకి రెండు వందలు తగ్గింది! కానీ వడ్డీ 57,400 దాటుతుంది. చవగ్గా కనిపించిన లోన్‌కి రెట్టింపుకు పైగా వడ్డీ. మీ అప్పు లక్షకి ఎన్ని రెట్లయితే ఈ అంకెలూ అన్ని రెట్లు.

అక్కడితో అయిపోలేదు. ఆ 84 నెలల లోన్‌లో రెండేళ్లపాటు బుద్ధిగా 45 వేల దాకా కట్టాక కూడా అసలు ఇంకా 80,500 మిగిలే ఉంటుంది. కొత్త కారు విలువ మొదటి రెండేళ్లలోనే బాగా పడిపోతుంది. డౌన్ పేమెంట్ నామమాత్రంగా కట్టి ఉంటే, బండి అమ్మినా అప్పు తీరని రోజులు అవి. ఆ రోజుల్లో ప్రమాదం జరిగి బండి పనికిరాకుండా పోతే మామూలు ఇన్సూరెన్స్ ఇచ్చేది బండికి అప్పటికున్న విలువే. మిగిలిన అప్పు, లేని కారుకి, మీరే కట్టాలి.

ఫ్లాట్ రేటు ఇంకో గారడీ. ‘8 శాతం ఫ్లాట్’ అంటే వినడానికి బ్యాంకువాళ్ల 9 కంటే తక్కువే. కానీ ఫ్లాట్‌లో మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరిదాకా మొదటి రోజు లక్ష మీదే వేస్తారు. ఐదేళ్లకి 40 వేలు. తగ్గుతున్న అసలు మీద లెక్క కడితే అది 14 శాతం పైమాటే. అందుకని ఏ ఇద్దరిని పోల్చినా గడువు ఒకటే పెట్టి, ఫీజులన్నీ కలిపి, చివరికి మొత్తం ఎంత కడుతున్నామో ఆ ఒక్క అంకె అడగండి.

షోరూం ఫైనాన్సా, మన బ్యాంకా?

కొత్త మొహాలకి సులువుగా దొరికేది షోరూం ఫైనాన్స్. అప్లికేషన్ ఒకటే నింపుతాం, వాళ్లు దాన్ని నాలుగైదు సంస్థలకి పంపుతారు. కార్ల కంపెనీలకి సొంత ఫైనాన్స్ సంస్థలుంటాయి. వాటికి బండి అమ్ముడుపోవడం ముఖ్యం కాబట్టి మొదటిసారి కొనేవాళ్ల విషయంలో బ్యాంకులకంటే కాస్త మెతగ్గా ఉంటాయి. స్థిరమైన ఉద్యోగం, చెప్పుకోదగ్గ డౌన్ పేమెంట్ ఉంటే చాలు, స్కోర్ లేకపోయినా ఇచ్చే పథకాలు కొన్నిటికి ఉన్నాయి. ఇదంతా నిజమైన సౌకర్యమే, కాదనను.

దాని ధర వేరే చోట వసూలవుతుంది. అప్పిచ్చే సంస్థ ఒక రేటు చెబితే, దాని మీద డీలర్ కొంత కలిపి మీకు చెప్పే పద్ధతి చాలాచోట్ల ఉంది. లేదంటే లోన్ తెచ్చిపెట్టినందుకు కమిషన్ వస్తుంది. బేరం ఆడకుండా ఒప్పుకునేది ఎవరు? ‘లోన్ వస్తే చాలు దేవుడా’ అనుకునేవాడే. పైగా పొడిగించిన వారంటీ, పెయింట్ కోటింగ్, యాక్సెసరీలు ఒక్కొక్కటే లోన్‌లోకి చేరిపోతాయి. ‘నెలకి ఎంతో పడదు సార్’ అంటారు. కోటింగ్ ఏడాదికో రెండేళ్లకో పోతుంది, దాని మీద వడ్డీ ఏడేళ్లు కడతాం. గోడమీద పెద్ద అక్షరాల్లో కనిపించే సున్నా శాతం వడ్డీ కూడా ఎక్కువగా మంచి స్కోర్ ఉన్నవాళ్ల కోసం. మనకి వచ్చినా, అది తీసుకుంటే నగదు తగ్గింపు వదులుకోవాల్సి ఉంటుందేమో అడిగి చూసుకోవాలి.

ఇక నా కథ. మొదటి కారు షోరూం ఫైనాన్స్ మీదే తీసుకున్నాను. కాగితాల మీద సంతకాలయ్యాయి, తాళాలిచ్చారు, ఫొటో దిగాం. వారం తిరక్కుండా ఫోన్. ‘చిన్న ప్రాబ్లమ్ సార్. ఆ రేటుకి అప్రూవల్ రాలేదు, ఇంకో చోట పెట్టాం. రెండు శాతం ఎక్కువ అవుతుంది. ఒక్కసారి వచ్చి సంతకం పెడితే అయిపోతుంది.’ అప్పటికే బండి చూసి చుట్టాలంతా అభినందించి వెళ్లారు. ఏ మొహం పెట్టుకుని వెనక్కి ఇస్తాను? వెళ్లి సంతకం పెట్టాను. ఆ రాత్రి పాత కాగితాలు తీసి చదివితే, ‘తుది మంజూరుకు లోబడి’ అన్న ముక్క అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. లోన్ పూర్తిగా మంజూరైనట్టు అప్పిచ్చే సంస్థ నుంచే కాగితం చేతికి రాకుండా బండి ఇంటికి తేకూడదని అలా తెలిసింది.

మన బ్యాంకు దారి నెమ్మది. జీతం పడే ఖాతా ఉన్నచోట అడిగితే, స్కోర్ లేకపోయినా వాళ్ల దగ్గర ఇంకో రికార్డు ఉంటుంది. ఏ తేదీన జీతం పడుతోంది, నెలాఖరుకి ఖాతాలో ఏమైనా మిగులుతోందా, అద్దె క్రమంగా వెళ్తోందా అన్నీ వాళ్లకి కనిపిస్తాయి. సహకార సంఘాల్లాంటి చిన్న సంస్థల్లోనైతే ఒక మనిషి ఎదురుగా కూర్చుని ఆ కాగితాలు చదివే అవకాశం ఇంకా ఎక్కువ. ఇబ్బందులూ ఉన్నాయి: తిరగాలి, జీతం స్లిప్పులు పట్టుకెళ్లాలి, ఒక్కోసారి మొహం మీదే కాదంటారు.

అయినా వరస ఇదే అయి ఉండాలని నా పట్టుదల. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు బ్యాంకులో ఇంతవరకు ఇస్తామని మంజూరు కాగితం తీసుకుని, ఆ తర్వాతే షోరూంలో అడుగు పెట్టాలి. అప్పుడు మీరు చేతిలో డబ్బున్న కొనుగోలుదారు కిందే లెక్క. కారు ధర వేరుగా, లోన్ వేరుగా మాట్లాడవచ్చు. ‘నాకు ఈ రేటుకి ఉంది, ఇంతకంటే తక్కువకి తేగలరా?’ అని అడగండి. తెచ్చారనుకోండి, హాయిగా అక్కడే తీసుకోండి. షోరూం ఫైనాన్స్ మీద నాకు పగేమీ లేదు. పోల్చడానికి చేతిలో ఇంకో కాగితం లేకుండా తీసుకోవడమే తప్పు.

నాలుగు చోట్ల అడిగితే ఉన్న కాస్త స్కోర్ కూడా పడిపోతుందని కొందరి భయం. అడగడమేదో కొద్దిరోజుల్లో ముగించండి. ఉదాహరణకు అమెరికాలో వాడే ఫైకో స్కోర్‌లో కారు లోన్ కోసం అప్పిచ్చేవాళ్లు మీ రికార్డు తీసి చూసే విచారణలు దగ్గర దగ్గరగా వస్తే, అన్నీ ఒకటిగానే లెక్కిస్తారు. పాత పద్ధతుల్లో ఆ గడువు 14 రోజులు, కొత్తవాటిలో 45. అన్నిచోట్లా ఈ వెసులుబాటు ఉండదు గానీ, రెండు వారాల్లో తేల్చేసుకోవడం ఎక్కడైనా మంచి పద్ధతే.

షూరిటీ సంతకం: వడ్డీ తక్కువ, బరువు ఎక్కువ

అన్నిటికంటే తక్కువ రేటు తెచ్చిపెట్టేది బహుశా ఇదే. మంచి స్కోర్ ఉన్న అన్నో, బావో, స్నేహితుడో మీతో పాటు సంతకం పెడితే, అప్పిచ్చేవాళ్లు ఆ స్కోర్ చూసి ఇస్తారు. 14 శాతం 9కి దిగిందనుకుందాం. ఐదేళ్ల లోన్‌లో లక్షకి దాదాపు 15 వేలు మిగులుతాయి.

కానీ ఆ సంతకం పెట్టే మనిషి వైపు నుంచి చూడండి. బండి మీ పేరున ఉంటుంది, బాధ్యత ఆయనకీ ఉంటుంది. అదీ సగం కాదు, మొత్తం. ఆ అప్పు ఆయన అప్పుల రికార్డులోనూ కనిపించవచ్చు. రేపు ఆయన ఇల్లు కొందామని వెళ్తే, మీ కారు వాయిదా ఆయన అప్పుల్లో కలిపి లెక్కేస్తారు. మీరు ఒక నెల మరచిపోతే మచ్చ ఇద్దరికీ పడుతుంది. చాలాసార్లు ఆయనకి తెలిసేది కూడా మచ్చ పడ్డాకే.

అందుకని నా లెక్కలో ఇది మూడో దారి, మొదటిది కాదు. తప్పనిసరై అడిగితే, వాయిదా మెసేజీలు ఆయన ఫోన్‌కీ వచ్చేలా పెట్టండి. రెండు మూడు వాయిదాలకి సరిపడా డబ్బు వేరే ఖాతాలో పడేయండి. ఏడాది రెండేళ్లు సక్రమంగా కట్టాక షూరిటీని తప్పించే వీలు ఆ లోన్‌లో ఉందా అని సంతకానికి ముందే అడగండి. ‘మీ సంతకం ఊరికే ఫార్మాలిటీ’ అని మాత్రం ఆయనతో అనకండి. అది అబద్ధం.

ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నవాళ్లకి దాని మీదే అప్పు తీసుకునే దారి ఉంది. స్కోర్‌తో పెద్దగా పని ఉండదు. డిపాజిట్ మీద వచ్చే వడ్డీకంటే కాస్త ఎక్కువ రేటు పడుతుంది. డిపాజిట్ తన వడ్డీ తాను సంపాదిస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా పడే ఖర్చు ఆ తేడా మాత్రమే. చేతిలో అంత డబ్బున్నవాళ్లకి ఇంతకంటే చౌక లేదు. ఒక్కటి చూసుకోండి: ఈ అప్పు తీర్చిన సంగతి క్రెడిట్ బ్యూరోకి, అంటే అందరి అప్పుల రికార్డు ఉంచే సంస్థకి, వెళ్తుందా? వెళ్లకపోతే తీర్చాక కూడా మీరు మళ్లీ కొత్త మొహమే.

లేదా, ఒక ఏడాది ఆగితే?

ఇది ఎవరికీ నచ్చదు. నచ్చకపోయినా చదవండి.

స్కోర్ పుట్టడానికి ఏళ్లు పట్టదు. ఫైకో సంగతే చూస్తే, కనీసం ఆరు నెలల వయసున్న ఒక్క ఖాతా, గత ఆరు నెలల్లో బ్యూరోకి చేరిన సమాచారం ఉంటే చాలు, స్కోర్ తయారవుతుంది. అందులో 35 శాతం వాటా సకాలంలో కట్టారా లేదా అన్నదే. డిపాజిట్ పెట్టి తీసుకునే క్రెడిట్ కార్డు ఒకటి చాలు. నెలకి ఏదో ఒక చిన్న బిల్లు దాని మీద కట్టి, గడువులోపు మొత్తం తీర్చేయడమే. కార్డు పరిమితి నిండా వాడకండి, అది కూడా స్కోర్‌ని లాగేస్తుంది.

ఈలోగా ఇంకో పని. రాబోయే లోన్‌కి ఎంత వాయిదా పడుతుందో అంతా ప్రతి నెలా ఐదో తారీఖున పక్క ఖాతాలోకి నెట్టండి, కారు ఇప్పటికే ఉందనుకుని. పైన చెప్పిన 2,076 చొప్పున పది నెలలు దాస్తే 20 వేలు దాటుతుంది. లక్ష అప్పు కాస్తా 80 వేలకి దిగుతుంది. మూడో నెలకే ఊపిరాడటం లేదనుకోండి, ఆ కారు మీ స్థాయికి పెద్దదని అప్పు లేకుండానే తెలిసిపోతుంది.

ఆగలేనివాళ్లు ఉంటారు. ఉద్యోగానికి బండి లేకుండా కుదరదు, పాతది కొనే ఉద్దేశం లేదు. అలాంటప్పుడు 14 శాతమే దొరికితే 14కే తీసుకోండి, కానీ రెండు షరతులు. గడువు 60 నెలలు దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా ఎంతో కాగితంలో చదివి, అది లేని లోన్‌నో, తక్కువ ఉన్నదాన్నో పట్టుకోవాలి.

ఎందుకంటే 12వ వాయిదా కట్టేసరికి మీకు చరిత్ర అంటూ ఒకటి ఏర్పడుతుంది. లక్షలో అప్పటికి మిగిలిన అసలు సుమారు 85,150. దాన్ని వేరే బ్యాంకు 9 శాతానికి తీసుకుంటే, మిగిలిన 48 నెలలకి వాయిదా 2,327 నుంచి 2,119కి దిగుతుంది. మొత్తం మీద దాదాపు పది వేలు మిగులు, అందులోంచి మార్పిడి ఫీజులు తీసేయాలి. నేను ఆ పని చేయడానికి మూడేళ్లు పట్టింది, అప్పటికి వడ్డీలో సింహభాగం కట్టేశాను. మీరు పన్నెండో నెల తారీఖు ఫోన్‌లో ఇప్పుడే పెట్టుకోండి.