ఈబీ-5కి సలహాదారుల ఎంపిక: హైదరాబాద్‌లో రెండు ఏజెన్సీలు, అమెరికాలో ఒక లాయరు, విజయవాడలో ఒక సీఏ

మా అబ్బాయి తొమ్మిదేళ్లుగా డాలస్‌లో హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాడు. ఉద్యోగం తరఫున గ్రీన్‌కార్డు వరుసలో నిలబడిన మనవాళ్ల పరిస్థితి తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు కాబట్టి, ఆ వరుసను నమ్ముకోవడం మానేసి 2024 వేసవిలో పెట్టుబడి మార్గాన్ని, అంటే ఈబీ-5ని, పరిశీలించడం మొదలుపెట్టాం. ఆ తర్వాతి పది నెలల్లో నలుగురు సలహాదారుల దగ్గర కూర్చున్నాం. వారిలో ఇద్దరికి మేం ఫీజు ఇచ్చాం, మిగతా ఇద్దరూ ఉచితంగానే సలహా ఇచ్చారు. ఆ ఉచితం సంగతి ముందు ముందు చెబుతాను.

పథకం గురించి క్లుప్తంగా చెప్పాలంటే, ఇది అమెరికాలో 1990 చట్టంతో మొదలైంది. 2022 మార్చి 15న వచ్చిన సంస్కరణ చట్టం ప్రకారం గ్రామీణ ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువగా ఉన్న ప్రాంతంలోనో అయితే 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల 10.5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టాలి. ఒక్కో మదుపరి సొమ్ముతో కనీసం 10 పూర్తికాల ఉద్యోగాలు ఏర్పడాలి. మొదట రెండేళ్ల షరతులతో కూడిన గ్రీన్‌కార్డు వస్తుంది, ఆ తర్వాత ఐ-829 అనే దరఖాస్తుతో షరతులు తొలగించుకోవాలి. మన దేశస్థులకు మామూలు కోటాలో ఇక్కడ కూడా వరుస ఉంది కానీ, గ్రామీణ ప్రాజెక్టులకు విడిగా కేటాయించిన 20 శాతం వీసాలకు మేం దరఖాస్తు చేసే నాటికి వరుస లేదు. అందుకే మా చూపు వాటి మీద పడింది.

మొదటి ఏజెన్సీ మాదాపూర్‌లోని ఒక హోటల్లో ఆదివారం సెమినార్ పెట్టింది. ప్రవేశం ఉచితం, సమోసా, కాఫీ కూడా ఉచితమే. తెర మీద ఒక రిసార్టు బొమ్మ, దాని పక్కన నవ్వుతున్న కుటుంబం. సెమినార్ అయ్యాక ఒక యువకుడు ల్యాప్‌టాప్‌తో మా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఐదేళ్లలో మీ డబ్బు మీకు వెనక్కి వస్తుంది సార్, గ్యారంటీ" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసివ్వగలరా అని అడిగితే, కంపెనీ పాలసీ ఒప్పుకోదన్నాడు. అసలు విషయం నాకు తర్వాత లాయరు దగ్గర తెలిసింది. ఈబీ-5లో పెట్టిన సొమ్ము నష్టభయానికి లోబడి ఉండి తీరాలన్నది చట్టంలోని మూల నియమం. దరఖాస్తు ఫలితంతో సంబంధం లేకుండా సొమ్ము తిరిగి చెల్లిస్తామన్న హామీ ఒప్పందంలో ఉంటే దరఖాస్తు తిరస్కరించడానికి అదే కారణమవుతుంది. అంటే ఆ యువకుడి గ్యారంటీ నోటి మాటగా ఉన్నంతసేపు అబద్ధం, కాగితమెక్కితే మా అబ్బాయి దరఖాస్తుకే ఎసరు.

అది ఆషాఢమాసం. ఆ నెలాఖరులోగా సంతకం పెడితే అడ్మినిస్ట్రేషన్ ఫీజులో తగ్గింపు ఇస్తామన్నప్పుడు నా భార్య నా వైపు చూసి, చీరల కొట్టులో కూడా ఇంత తొందర పెట్టరు కదండీ అంది. వాళ్లిచ్చిన ఖర్చుల పట్టికలో ఇమ్మిగ్రేషన్ శాఖ దరఖాస్తు రుసుము 3,675 డాలర్లని ఉంది. ఆ రుసుము 2024 ఏప్రిల్ 1 నుంచే 11,160 డాలర్లకు పెరిగింది. మేం జులైలో కూర్చున్నాం. మూడు నెలలుగా ఆ ఒక్క అంకె మార్చుకోలేని వాళ్ల చేతిలో ఆరున్నర కోట్ల వ్యవహారం పెట్టడమేమిటని అప్పుడే అనిపించింది. అయితే మేం లేచి వచ్చేసింది అందుకు కాదు. స్థలం అమ్మి డబ్బు తెస్తామని చెప్పగానే, "క్యాష్ పార్ట్ ఉంటే మేం అడ్జస్ట్ చేయిస్తాం సార్" అని గొంతు తగ్గించి చెప్పడం వల్ల. ప్రతి డాలరూ న్యాయంగా ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు చేయడం మీదే నిలబడే దరఖాస్తుకు అలాంటి సహాయం చేస్తామనే మనిషి సలహాదారు కాడు.

రెండో ఏజెన్సీ జూబ్లీహిల్స్‌లో ఉంది. వీళ్ల గురించి మంచి, చెడు రెండూ చెప్పాలి. మీకు డబ్బు ఎవరిస్తారు అని అడిగినప్పుడు ఆ కార్యాలయం పెద్ద తడుముకోకుండా, రీజనల్ సెంటర్ వాళ్లు మాకు కమీషన్ ఇస్తారండీ, మీ దగ్గర మేం తీసుకునేదేమీ లేదు అన్నారు (రీజనల్ సెంటర్ అంటే ఇలాంటి ప్రాజెక్టుల కోసం మదుపరుల సొమ్ము సమీకరించే, ఇమ్మిగ్రేషన్ శాఖ ఆమోదం పొందిన సంస్థ). అంతటితో ఆగకుండా సొరుగులోంచి ఒక నమూనా పత్రం తీసి చూపించారు. 2022 చట్టం ప్రకారం మదుపరిని తెచ్చినందుకు ఎవరెవరికి ఎంత ముడుతోందో లిఖితపూర్వకంగా వెల్లడించాలి, దాని మీద మదుపరి సంతకం ఉండాలి, అది దరఖాస్తుతో పాటు వెళ్లాలి. ఇలా ప్రాజెక్టులను ప్రచారం చేసేవాళ్లు, విదేశాల్లో ఉన్నవాళ్లతో సహా, ఐ-956కే అనే ఫారంతో అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ వద్ద నమోదు కావాలి. తమ నమోదు రసీదు కూడా వాళ్లు చూపించారు. మొదటి ఏజెన్సీలో ఈ ఫారం పేరెత్తితే ఆ యువకుడు నన్ను ఇంకోసారి చెప్పమన్నాడు.

ఇంత నిజాయతీ ఉన్నా వాళ్లతో ఎందుకు ముందుకు వెళ్లలేదంటే, వాళ్ల దగ్గర ఉన్నవి మూడే ప్రాజెక్టులు, ఆ మూడూ వాళ్లకు కమీషన్ ఇచ్చేవే. ఈ వ్యవస్థలో మన సొమ్ము నేరుగా హోటలో, అపార్ట్‌మెంట్లో కట్టే కంపెనీకి వెళ్లదు. మదుపరులందరూ కలిసి భాగస్వాములుగా ఉండే ఒక సంస్థలోకి వెళ్తుంది; ఆ సంస్థ సాధారణంగా ఆ డబ్బును నిర్మాణం చేసే కంపెనీకి అప్పుగా ఇస్తుంది. అదే ఆస్తి మీద బ్యాంకు అప్పు కూడా ఉంటే బ్యాంకుదే మొదటి హక్కు. అప్పుడు మన అప్పు ఎన్నో స్థానంలో ఉంది, ప్రాజెక్టు ఆగిపోతే మిగిలేదేమిటి, మన దరఖాస్తు తిరస్కరిస్తే డబ్బు వెనక్కి ఇస్తామన్న కంపెనీకి సొంత ఆస్తి ఏముంది అని నేను అడిగిన మూడు ప్రశ్నలకు వాళ్ల దగ్గర జవాబు లేదు. ప్రాజెక్టు పేరున్నదని, రీజనల్ సెంటర్‌కు ప్రభుత్వ ఆమోదం ఉందని మాత్రం రెండుసార్లు చెప్పారు. మన ఊళ్లో అనుమతులు రాకముందే ప్రీలాంచ్ అంటూ డబ్బులు కట్టించుకున్న బిల్డర్ల బాధితులను చూసినవాడికి ఈ జవాబు సరిపోదు.

ఆమోదం విషయంలో వెర్మాంట్ రాష్ట్రంలోని జే పీక్ స్కీ రిసార్టు ఉదంతం ప్రతి మదుపరీ తెలుసుకోదగ్గది. అక్కడి రీజనల్ సెంటర్‌ను నడిపింది సాక్షాత్తు ఆ రాష్ట్ర ప్రభుత్వమే. అయినా 35 కోట్ల డాలర్లకు పైగా విదేశీ మదుపరుల సొమ్ము సేకరించిన ఆ ప్రాజెక్టుల మీద 2016 ఏప్రిల్‌లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ మోసం కేసు పెట్టింది. 2022లో యజమానికి ఐదేళ్ల జైలు శిక్ష పడింది. ఇమ్మిగ్రేషన్ శాఖ ఆమోదం వీసా నియమాలకు సంబంధించినదే కానీ, పెట్టుబడి క్షేమమని ఇచ్చే యోగ్యతాపత్రం కాదు. ఈ తేడా చెప్పని సలహాదారు తెలియక చెప్పలేదా, తెలిసే చెప్పలేదా అన్నది మనకు అనవసరం.

మూడో వ్యక్తి అమెరికాలో ఉండే ఇమ్మిగ్రేషన్ లాయరు. ఏజెన్సీల ద్వారా కాకుండా మా అబ్బాయి స్వయంగా వెతికి పట్టుకున్నాడు. రీజనల్ సెంటర్ సూచించే లాయర్లను తీసుకోవద్దని నేను పట్టుబట్టాను. అటు సెంటర్ పనీ ఇటు మన పనీ చేసే వకీలు చిక్కు వచ్చినప్పుడు ఎటు మొగ్గుతాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఈయన లైసెన్సు సంబంధిత రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకున్నాం. క్రమశిక్షణ చర్యలేవైనా ఉంటే అక్కడే కనిపిస్తాయి. ఏ ప్రాజెక్టు నుంచీ తనకు ఏ రూపంలోనూ సొమ్ము రాదని ఈమెయిల్‌లో రాసివ్వమంటే అదే రోజు రాసిచ్చాడు. మొత్తం ఫీజు ముందే చెప్పి మూడు వాయిదాల్లో తీసుకున్నాడు.

ఆయన విలువ నాకు తెలిసింది మణికొండ స్థలం దస్తావేజుల దగ్గర. ఆ స్థలం నేను 1996లో కొన్నాను. దస్తావేజు చేతిరాత తెలుగులో ఉంది, లింకు డాక్యుమెంట్లలో ఒకదాని మీద అమ్మిన రైతు వేలిముద్ర ఉంది. వాటికి ఇంగ్లిష్ అనువాదాలు చేయించి, అనువాదకుడి ధ్రువీకరణతో పంపాం. రాత్రి తొమ్మిదిన్నరకు జూమ్‌లో కూర్చుని ఆయన ప్రతి పేజీ చదివాడు. దస్తావేజులో నా ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా ముందుంది, పాస్‌పోర్టులో పూర్తిగా చివర ఉంది, బ్యాంకు ఖాతాలో మరో వరసలో ఉంది. ఈ ముగ్గురూ ఒక్కరేనని ఎలా నమ్మాలి అని ఆయన అడిగితే నాకు నవ్వొచ్చింది కానీ, దానికి అఫిడవిట్ చేయించక తప్పలేదు. స్థలం అమ్మిన డబ్బే కాదు, 1996లో ఆ స్థలం కొనడానికి డబ్బు ఎలా వచ్చిందో కూడా చూపించమన్నాడు. గుంటూరులో నేను నడిపిన మందుల హోల్‌సేల్ వ్యాపారం పాత రిటర్నులు అటక మీద నుంచి దింపించాం.

మన దగ్గర రిజిస్ట్రేషన్ విలువకూ, చేతులు మారే సొమ్ముకూ ఉండే దూరం అందరికీ తెలిసిందే. ఆయనకు కూడా తెలుసు, చాలామంది మన క్లయింట్లను చూసి ఉంటాడు. దస్తావేజులో ఉన్న మొత్తమే, బ్యాంకులో పడిన మొత్తమే లెక్కకు వస్తుందని మొదటి రోజే తేల్చి చెప్పాడు. దాంతో మొత్తం బ్యాంకు ద్వారానే ఇచ్చే కొనుగోలుదారు కోసం మూడు నెలలు ఆగి, ధర కొంత వదులుకుని నవంబరులో స్థలం, డిసెంబరులో నా భార్య పేరున ఉన్న గుంటూరు గోడౌను అమ్మాం. అలాగే, మేం అబ్బాయికి ఇచ్చే బహుమతి లక్ష డాలర్లు దాటుతుంది కాబట్టి వాడు అక్కడ 3520 అనే ఫారం దాఖలు చేయాలని, చేయకపోతే భారీ జరిమానా ఉంటుందని హెచ్చరించి, ఆ పని తన పరిధి కాదని, అక్కడి ట్యాక్స్ అకౌంటెంటును చూసుకోమన్నాడు. రెండు ఏజెన్సీల్లోనూ ఈ ఫారం ఊసే లేదు.

ఇక విజయవాడ సీఏ. మా వ్యాపారం లెక్కలు ఇరవై ఏళ్లుగా ఆయనే చూస్తారు. ఈబీ-5 గురించి ఏమీ తెలియదని నిజాయతీగా చెప్పారు. కానీ డబ్బు దేశం దాటించే ప్రణాళిక మొత్తం ఆయనదే. విదేశాలకు సొమ్ము పంపడం మీద రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ నిబంధన ప్రకారం ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2.5 లక్షల డాలర్లే పంపగలరు. అబ్బాయి తన పొదుపులోంచి లక్షన్నర పెట్టుకుంటే మేం పంపాల్సింది ఆరున్నర లక్షలు. ఫిబ్రవరిలో నేను రెండున్నర, నా భార్య రెండున్నర పంపి, మిగిలిన లక్షన్నర ఏప్రిల్ 1 దాటాక పంపేలా ఆయన తేదీలు రాసిచ్చారు.

అసలు దెబ్బ టీసీఎస్, అంటే సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. బహుమతిగా పంపే సొమ్ములో ఏడు లక్షల రూపాయలు దాటిన భాగం మీద అప్పట్లో బ్యాంకు 20 శాతం వసూలు చేసేది (ఆ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలైంది). ఒక్కొక్కరికి సుమారు 42 లక్షలు అదనంగా చేతిలో ఉండాలన్నమాట. ఏజెన్సీల ఖర్చుల పట్టికల్లో ఈ వరుసే లేదు. సీఏ గారు ఏం చేశారంటే, ఆస్తులు అమ్మిన ఆర్థిక సంవత్సరంలోనే డబ్బు పంపించి, ఆ టీసీఎస్‌ను మూలధన లాభాల మీద మార్చి 15లోగా కట్టాల్సిన ముందస్తు పన్నులో సర్దుబాటు చేశారు. ఆ పన్నును కూడా ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండు విధాలా లెక్కకట్టి తక్కువది తీసుకున్నారు. రిఫండు కోసం మిగిలింది చిన్న మొత్తం. మేం ఫీజు ఇచ్చిన ఇద్దరిలో తక్కువ తీసుకున్నదీ, ఈ నలుగురిలో అతి ఎక్కువ డబ్బు మిగిల్చిందీ ఆయనే.

లాయరు మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఈమెయిల్‌కు జవాబు రావడానికి మూడు నాలుగు రోజులు పట్టేది, అత్యవసరమని రాసినా అంతే. ప్రాజెక్టు మంచిదా కాదా అన్న ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు, చెప్పకూడదు కూడా. దానికి మా అబ్బాయి విడిగా మరో నిపుణుడికి డబ్బిచ్చి ఒప్పంద పత్రాలు, అప్పుల వరుస చదివించాల్సి వచ్చింది. ఈ ఖర్చు ముందే ఉంటుందని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. లాయరుకు పదికి ఎనిమిది, సీఏకి తొమ్మిదిన్నర, రెండో ఏజెన్సీకి ఐదు. మొదటిదానికి సమోసా బాగుంది.

2025 ఏప్రిల్ చివర ఐ-526ఈ అనే ఈబీ-5 మదుపరి దరఖాస్తు, దానితో పాటే అమెరికాలో ఉన్నవారు అక్కడే ఉండి గ్రీన్‌కార్డుకు మారడానికి వీలున్న స్థితి మార్పు దరఖాస్తు వెళ్లాయి. ప్రస్తుతం చేతిలో ఉన్నది రసీదులే. మొదటి ఏజెన్సీ నుంచి మాత్రం వాట్సాప్ సందేశాలు ఇంకా వస్తున్నాయి. 2026 సెప్టెంబరు 30లోగా దాఖలైన దరఖాస్తులకే, పథకం గడువు ముగిసినా పాత నిబంధనల రక్షణ ఉంటుందని, త్వరపడమని. ఆ తేదీ నిజమే. సందేశం అడుగున జత చేసిన ఖర్చుల పట్టికలో టీసీఎస్ వరుస ఇప్పటికీ లేదు.