ఎనిమిదేళ్లుగా స్టీమ్ గార్డ్ వాడుతున్నా: తాళం గట్టిదే, తీసే చెయ్యి మనది

కంప్యూటర్ గేములు కొని ఆడుకునే స్టీమ్‌లో నా ఖాతాకు కాపలాగా, ఫోన్‌లో స్టీమ్ గార్డ్ మొబైల్ ఆథెంటికేటర్ పెట్టుకుని ఎనిమిదేళ్లు దాటింది. ఈలోగా మూడు ఫోన్లు మార్చాను, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చానో గుర్తులేదు. ఖాతా మాత్రం చేజారలేదు. చేజారేంత దాకా ఒకసారి వెళ్లింది, అదీ నా తొందరపాటు వల్లే. ఆ సంగతి దాచి ఐదు స్టార్లు ఇస్తే చదివేవాళ్లకు ఏం ఉపయోగం?

ఇది చేసే పని చిన్నదే. ఫోన్‌లో అక్షరాలూ అంకెలూ కలిసిన ఐదింటి కోడ్ కనిపిస్తుంది, ముప్పై సెకన్లకోసారి మారిపోతుంది. పాస్‌వర్డ్ ఎవడి చేతికి చిక్కినా ఈ కోడ్ లేకుండా లోపలికి రాలేడు. గేముల్లో దొరికే వస్తువులు ఎవరికైనా పంపాలన్నా, స్టీమ్ మార్కెట్‌లో అమ్మాలన్నా ఫోన్‌లో మళ్లీ ఒప్పుకోవాలి. 2015 చివర్లో స్టీమ్‌ను నడిపే వాల్వ్ కంపెనీయే చెప్పిన లెక్క ప్రకారం నెలకు సుమారు 77,000 ఖాతాలు దొంగల పాలవుతుండేవి. ఆ రోజుల్లో ఈ ఏర్పాటును గట్టిగా ముందుకు తెచ్చింది అందుకే.

ఇక నా విషయం. వాడకం మొదలుపెట్టిన మూడో ఏడు అనుకుంటా, ఒక స్నేహితుడి ఖాతా నుంచి మెసేజ్ వచ్చింది. వాళ్ల టీమ్ ఏదో టోర్నమెంట్‌లో ఆడుతోందట, లింక్ నొక్కి ఓటు వెయ్యమని. వాడు నాతో ఎప్పుడు మాట్లాడినా "ఏంట్రా" అనే మొదలుపెడతాడు. ఆ మెసేజ్ "హాయ్ బ్రో" అని మొదలైంది. అక్కడే ఆగాల్సింది. నొక్కేశాను. స్టీమ్ లాగిన్ విండో తెరుచుకుంది, పైన అడ్రస్ కూడా సరిగ్గానే ఉంది. పాస్‌వర్డ్ కొట్టాను, కోడ్ కూడా ఇచ్చాను. "తర్వాత ప్రయత్నించండి" అని వచ్చింది. సరే అనుకుని మర్చిపోయాను.

అది అసలు విండోనే కాదు. వెబ్ పేజీ లోపల విండోలా గీసిన బొమ్మ. అడ్రస్ బార్, తాళం గుర్తు అన్నీ ఆ బొమ్మలో భాగమే. పట్టుకోవడానికి ఒక తేలికైన దారి ఉంది: ఆ విండోను మౌస్‌తో పట్టి బ్రౌజర్ అంచు దాటించి బయటికి లాగండి. అసలుదైతే బయటికి వస్తుంది, బొమ్మ అయితే అంచు దగ్గరే ఆగిపోతుంది లేదా తెగిపోయినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు నాకు ఇది అలవాటైపోయింది. అంతకన్నా మంచిది, ఎవరో పంపిన లింక్ నుంచి అసలు లాగిన్ అవ్వకపోవడం.

ముప్పై సెకన్ల కోడ్ కదా, ఏం చేస్తాడులే అనుకోవద్దు. మనం ఇక్కడ టైప్ చేస్తుండగానే అవతల ప్రోగ్రామ్ దాన్ని అసలు సైట్‌లో కొట్టేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత అదే స్నేహితుడికి ఒక స్కిన్ (గేమ్‌లో ఆయుధాలకు వేసే అలంకరణ) పంపుతున్నాను. ఫోన్‌లో ఒప్పుకోమని స్క్రీన్ వచ్చింది. వాడి పేరు, వాడి ఫొటో. వేలు బటన్ మీద పెట్టబోతూ కింద చూశాను: లెవెల్ 0, ఖాతా తెరిచింది ఆ నెలలోనే. వాడేమో నాకన్నా ముందు నుంచీ ఆడుతున్నవాడు. గుండె జారిపోయింది. వెంటనే రద్దు చేసి వాడికి ఫోన్ చేశాను. వాడి ఖాతా అప్పటికే పోయిందని అప్పుడే తెలిసింది.

తర్వాత వెతికితే నా ఖాతాలో నేను ఎప్పుడూ తీసుకోని వెబ్ ఏపీఐ కీ (ఖాతాతో ప్రోగ్రామ్‌లు పని చేయించుకునే తాళంచెవి లాంటి కోడ్) ఒకటి కనిపించింది. దొంగ ఆ కీతో నేను పంపే ట్రేడ్‌లను, అంటే వస్తువుల మార్పిడులను గమనిస్తూ, అసలుదాన్ని రద్దు చేసి, అదే పేరు, అదే ఫొటో ఉన్న నకిలీ ఖాతాతో ఇంకోటి పంపుతాడు. నేను పేరు మాత్రమే చూసి ఒప్పుకుని ఉంటే ఆథెంటికేటర్ నా మాటే వినేది. నేనే ఒప్పుకున్నాను కదా! ఇలా పోయిన వస్తువులను సపోర్ట్ వెనక్కి తెచ్చి ఇవ్వదని కంపెనీ నియమాల్లో స్పష్టంగానే ఉంది. కౌంటర్-స్ట్రైక్ 2 గేమ్ వస్తువులకు మాత్రం 2025లో ఏడు రోజుల్లోపు ట్రేడ్‌ను వెనక్కి తిప్పుకునే వీలు పెట్టారు. అది పెద్ద ఊరట.

ఆ రోజు చేసిన పనులు: కీ తీసేయడం, అన్ని పరికరాల నుంచీ లాగౌట్, స్టీమ్ పాస్‌వర్డ్ మార్పు, ఈమెయిల్‌కి వేరే పాస్‌వర్డ్. చివరిది చాలామంది వదిలేస్తారు. ఈమెయిల్ ఎవడి చేతిలో ఉంటే ఖాతాను తిరిగి తెచ్చుకునే దారి కూడా వాడి చేతిలోనే ఉన్నట్టు.

ఇప్పుడు క్యూఆర్ స్కాన్ చేసి కూడా లాగిన్ అవ్వొచ్చు. హాయిగా ఉంటుంది, పాస్‌వర్డ్ కొట్టే పనే లేదు. కానీ నకిలీ పేజీలోని క్యూఆర్ స్కాన్ చేస్తే దొంగకే తలుపు తీసినట్టు. అందుకే స్టీమ్ సైట్ అడ్రస్ నేనే స్వయంగా టైప్ చేసి తెరిచిన పేజీలో తప్ప స్కాన్ చెయ్యను.

"పొరపాటున నీ మీద రిపోర్ట్ కొట్టాను, ఈ అడ్మిన్‌తో మాట్లాడు" అని డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో వచ్చే మెసేజ్‌లకు జవాబే ఇవ్వకండి. స్టీమ్ సపోర్ట్ చాట్‌లో ఎవరినీ పలకరించదు.

మొదటిసారి పెట్టుకునేటప్పుడు 'ఆర్' అక్షరంతో మొదలయ్యే రికవరీ కోడ్ ఇస్తారు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే ఫోన్‌తో పాటే పోతుంది. నాది కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. రెండో ఫోన్ పాడైనప్పుడు టెన్షన్ లేకుండా బయటపడింది ఆ కాగితం వల్లే.

నా రేటింగ్ ఐదుకి ఐదు. ఒప్పుకునే ముందు లెవెల్, ఖాతా తెరిచిన తేదీ చదివే ఓపిక ఉన్నవాళ్లకే ఈ రేటింగ్ వర్తిస్తుంది.