కొత్త కారుతో యాగంటి, బెలుం, గండికోట

కారు ఇంటికొచ్చిన పన్నెండో రోజున మొదటి దూర ప్రయాణానికి బయలుదేరాం. పెట్రోల్ ఇంజన్, మాన్యువల్ గేర్లు, మీటర్లో అప్పటికి 140 కిలోమీటర్లు. ముందు సీట్లో అమ్మ, వెనక నా భార్య, మూడో తరగతి చదివే పాప. అమ్మ పుట్టిల్లు నంద్యాల పక్క పల్లె. చిన్నప్పుడు బనగానపల్లె దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణుంచి నడిచి యాగంటి వెళ్లేవాళ్లట. కారు కొన్నామని చెప్పగానే ఆమె అడిగింది ఆ ఒక్క ఊరే. దాని చుట్టూ మిగతావి కలుపుకున్నాం.

కారుతో ఇచ్చిన పుస్తకంలో మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ని బలవంతపెట్టొద్దని, గంటల తరబడి ఒకే వేగంతో నడపొద్దని ఉంది. లోపల పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు కుదురుకోవాలి, బ్రేక్ ప్యాడ్లు డిస్కులకు సర్దుకోవాలి. అందుకని 90 దాటకూడదని నిర్ణయించుకున్నాను. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఇది ఓపిక పనే. వెనక నుంచి లైట్లు వేసి హారన్ కొట్టేవాళ్లు కొడుతూనే ఉంటారు. "నిదానంగా పో నాయనా, యాగంటి యాడికి పోతాది?" అంది అమ్మ. గంటంబావుకొకసారి ఆపాం. ఇంజన్ కోసం అలా ఆపడమే ఆమె మోకాళ్లకి మేలు చేసింది.

షాద్‌నగర్ దగ్గరి రాయికల్ టోల్‌లో మొదటి చిక్కు వచ్చింది. షోరూమ్ వాళ్లు ఫాస్టాగ్ అద్దానికి అతికించారు గానీ యాక్టివేట్ చేయించలేదు. యూపీఐతో ఒకటింబావు రెట్లు కట్టి ముందుకెళ్లాం. నగదైతే రెట్టింపు కట్టాల్సి వచ్చేది. రెండో చిక్కు జడ్చర్ల దగ్గర తెలిసింది. చిన్న గతుక్కే కారు ఎగిరిపడుతోంది. కొత్త సస్పెన్షన్ ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను గానీ మనసు ఒప్పలేదు. బంకులో గాలి చూపిస్తే నాలుగు టైర్లలోనూ 44 ఉంది. డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసింది 33. టైరు వేడి మీద మూడు నాలుగు పెరిగినా ఇది చాలా ఎక్కువ. ఫ్యాక్టరీ నుంచి కార్లు తెచ్చేటప్పుడు, యార్డులో నిలబెట్టేటప్పుడు గాలి ఎక్కువ పెడతారు, దాన్ని డెలివరీకి ముందు తగ్గించాలి. నాకిచ్చిన చెక్‌లిస్టులో ఆ గడి దగ్గర టిక్కు ఉంది, పని మాత్రం జరగలేదు. కుటుంబంతో వెళ్లే బండి విషయంలో ఇది చిన్న తప్పు కాదు. కొత్త కారు తీసుకునేవాళ్లు షోరూమ్ గేటు దాటకముందే గాలి, ఫాస్టాగ్, స్టెప్నీ, జాకీ తామే చూసుకోవాలి. పదిహేను నిమిషాల పని.

అలంపురంలో జోగుళాంబ అమ్మవారి దర్శనం, కారుకి పూజ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాక అమ్మ ముఖంలో టెన్షన్ పోయింది. చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలకి గంటన్నర పెట్టుకోండి. తుంగభద్ర ఒడ్డున ఆ ఎర్రరాతి శిఖరాలు సాయంత్రం ఎండలో చూడాలి.

రాత్రి కర్నూలులో ఆగాం. బుక్ చేసేటప్పుడు సెల్లార్ పార్కింగ్ ఉందన్నారు. తీరా వెళ్తే సెల్లార్ నిండా ఫంక్షన్ కుర్చీలు, జనరేటర్. కారు రోడ్డు పక్కన పెట్టమన్నారు. గది శుభ్రంగానే ఉంది గానీ నేను రాత్రి రెండుసార్లు లేచి కిటికీలోంచి చూసుకున్నాను. గది ఎలా ఉందో చెప్పే ఫొటోలు బోలెడు ఉంటాయి, కారు ఎక్కడ పెడతారో మాత్రం ఫోన్ చేసి అడగాలి. పొద్దున్నే చిన్న హోటల్లో తిన్న ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఆ చికాకంతా తీసేశాయి.

బేతంచెర్ల మీదుగా బనగానపల్లె దారి పట్టాం. ఇది నాపరాయి సీమ. ఇళ్ల గోడలు, పొలం గట్లు, పశువుల కొట్టాలు అన్నీ బండలే. బండల లారీలు తిరిగే చోట రోడ్డు అంచులు విరిగి ఉన్నాయి, 40 మించి పోలేదు. యాగంటి చేరేసరికి పది అయింది. కొండ లోపలి నుంచి వచ్చి నంది నోట్లోంచి కోనేట్లో పడే నీళ్లు అమ్మ చిన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయట. గుడి మండపంలోని పెద్ద నంది పెరిగి ప్రదక్షిణకి చోటు చాలక ఒక స్తంభం తీసేశారని చెబుతారు. "మా కాలంలో దీని చుట్టూ తిరిగేవాళ్లమని మా జేజి చెప్పేది" అని అమ్మ పాపకి ఆ స్తంభం చోటు చూపించింది. అగస్త్య గుహ మెట్లు బాగా నిటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద కోనేటి గట్టున కూర్చోవడమే మంచిది. ఆ గట్టు మీద అమ్మ గంటసేపు కదల్లేదు. మేమూ తొందరపెట్టలేదు.

బెలుం గుహలు అక్కణ్ణుంచి గంట పైన. కొలిమిగుండ్ల దగ్గర చదునైన పొలాల మధ్య నేలలో ఒక బిలం, దాంట్లోకి మెట్లు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సుమారు సగం. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో జర్మన్ గుహాన్వేషకులు లోపలంతా కొలిచారు. దీపాలు, దారులు వేసి 2002లో జనానికి తెరిచారు. సున్నపురాయిని నీళ్లు కరిగించి చేసిన దారులివి, గోడలు చేత్తో నునుపు చేసినట్టు ఉంటాయి. డిసెంబర్‌లో కూడా లోపల ఉక్క, చెమట. కొన్నిచోట్ల వంగి నడవాలి. అమ్మ మొదటి పెద్ద గది వరకు వచ్చి, నా భార్యతో తిరిగి పైకి వెళ్లిపోయింది. నేనూ పాపా పాతాళగంగ దాకా వెళ్లాం. గుహలో అన్నిటికంటే లోతైన చోటు, 46 మీటర్లు. కొద్దిపాటి ధారగా నీళ్లు వచ్చి రాతి కిందకి మాయమైపోతాయి. పాప అక్కడ గుసగుసగా మాట్లాడింది, ఎవరూ చెప్పకుండానే. గైడుని తీసుకోండి, లేకపోతే ఊడలమర్రి, కోటిలింగాల ఆకారాలు పక్కనే ఉన్నా కంటికి ఆనవు.

గండికోటలో రెండు రాత్రులు. ఉండటానికి మూడు రకాలున్నాయి: టూరిజం వాళ్ల హరిత, గుడారాలు, పదిహేను కిలోమీటర్ల దూరంలో జమ్మలమడుగు లాడ్జీలు. స్నేహితులతో వెళ్తే గుడారం బాగుంటుంది. పెద్దవాళ్లుంటే నా ఓటు హరితకే. కోటకి దగ్గర, కారు గది ముందరే ఉంటుంది, రాత్రి పక్కమీంచి లేచి బాత్రూమ్‌కి బయటికి నడవక్కర్లేదు. శని ఆదివారాలకు గదులు ముందే నిండిపోతాయి. మేం ఆదివారం రాత్రి తిరుగు ప్రయాణం పెట్టుకోకుండా సోమవారం దాకా ఉన్నాం. సోమవారం పొద్దున కోటంతా మాదే అనిపించింది.

పెన్నా కోసిన లోయని మసక వెలుతురులో చూడండి. ఎర్రరాతి పలకలు ఒకదానిమీదొకటి పేర్చినట్టు, అడుగున నది. అంచున కంచె లేదు. పాప చెయ్యి నేను ఒక్క క్షణం వదల్లేదు. మాధవరాయ ఆలయ గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి నడిచే దూరంలోనే ఉంటాయి.

కోట వాకిలి వంకర తిరిగి ఇరుగ్గా ఉంటుంది. అద్దాలు మడిచి మెల్లగా దాటించాను. అక్కడి కంకర దారిలోంచి బయటికి రాగానే ముందు చక్రం దగ్గర ఇనుమూ ఇనుమూ రాసుకున్న చప్పుడు మొదలైంది. కారుకి ఇంకా 700 కిలోమీటర్లు కాలేదు. గుండె జారిపోయింది. ఇరవైలో నడుపుకుంటూ జమ్మలమడుగు చేరాం. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ శబ్దం విని, కారుని వెనక్కీ ముందుకీ రెండుసార్లు నడిపించాడు, తర్వాత చక్రం విప్పాడు. బ్రేక్ డిస్కుకీ దాని వెనక రేకుకీ మధ్య శనగగింజంత రాయి. స్క్రూడ్రైవర్‌తో తీసేసి, డిస్కు మీద గీత పడలేదని పాపకి కూడా చూపించి, నట్లు నాలుగూ పానాతో బిగించాడు. "కొత్త బండి, మొదటిసారి మా ఊరికొచ్చింది, దుడ్లు ఎందుకు సార్" అన్నాడు. ఎంత చెప్పినా తీసుకోలేదు. అమ్మ కారులోంచి దిగి, అలంపురం ప్రసాదం పొట్లం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

ఇంటికి చేరేసరికి మీటరు సరిగ్గా 1,002. మర్నాడే మొదటి సర్వీసుకి ఇచ్చాను. ఆ రాయి మాత్రం పాప పెన్సిల్ డబ్బాలో ఉంది.